బల్బు దగ్గర బిగింపు, కిటికీ దగ్గర దుబారా

ఎండాకాలంలో కరెంటు బిల్లు వచ్చిందంటే మా ఇంట్లో మూడు రోజుల పొదుపు ఉద్యమం మొదలవుతుంది. నాన్న గదిగదికీ తిరిగి లైట్లు ఆపేస్తాడు, మనిషి కూర్చున్న గదిలో కూడా. మా ఆవిడ ఫోన్ చార్జర్లన్నీ ప్లగ్గుల్లోంచి పీకి సొరుగులో పడేస్తుంది. నేను పిల్లల మీద పడతాను, ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని ఆలోచిస్తారేంట్రా అని. నాలుగో రోజుకి అందరం మర్చిపోతాం. నెల తిరిగేసరికి మళ్లీ అదే బిల్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే, మళ్లీ ఉద్యమం. ఇలా ఎన్ని వేసవులు గడిచాయో లెక్కలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం ఏమిటంటే, ఈ క్రమశిక్షణ అంతా దాదాపు దండగ. ఆవగింజలు ఏరుకుంటూ గుమ్మడికాయలు వదిలేసే లెక్క మాది. వేసవిలో ఇంటి ఖర్చు పెరిగేది ఇంట్లోకి వేడి వస్తున్నందుకు. ఆ వేడిని మనమే తలుపులు తీసి లోపలికి రానిచ్చి, లోపల మరికొంత పుట్టించి, తర్వాత మొత్తాన్నీ డబ్బులిచ్చి బయటికి తోలిస్తున్నాం. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఏది ఆపాలో, దేని గురించి గొడవ పడక్కర్లేదో దానంతటదే తెలుస్తుంది.

నాకైతే మీటరు ముందు ఒక గంట కూర్చుంటే గానీ బుర్రకెక్కలేదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది చూడండి, దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. మాది 3200. అలాంటి మీటరైతే రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1,125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు తాగుతోందో వచ్చేస్తుంది. అదే 1600 అయితే 2,250ని భాగించాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, కుర్చీ వేసుకుని, కాగితం పట్టుకుని కూర్చున్నాను. మెట్లెక్కుతూ పక్కింటాయన ఆగి, ఒకసారి మీటరు వైపు, ఒకసారి నా వైపు చూసి ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

ముందు అన్నీ ఆపించాను, ఫ్రిజ్‌తో సహా. మెరుపు రాదే! మీటరే చెడిపోయిందేమో అనుకుంటుండగా 75వ సెకనుకి ఒకటి వచ్చింది. అంటే 15 వాట్లు. అన్నీ ఆపేశామనుకున్న ఇంట్లో ఎవడు తాగుతున్నాడా అని వెతికితే టీవీ కింద సెట్‌టాప్ బాక్సు. దాని ప్లగ్గు పీకేసి, హాల్లో పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే వేస్తే 15 సెకన్లకో మెరుపు, 75 వాట్లు. ఫ్రిజ్ ఒక్కటే, అదీ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు, సుమారు 8 సెకన్లకి ఒకటి. ఏసీ వేయగానే చూడాలి దాని సంబరం! ముప్పావు సెకనుకో మెరుపు, మనిషి గుండె కొట్టుకున్నంత వేగంగా. అటూ ఇటూగా 1,500 వాట్లు.

చివర్న నాన్నని పిలిచి పక్కన నిలబెట్టి, ఆయన రోజూ ఆపే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వెలిగించాను. ఇద్దరం చూస్తున్నాం. నిమిషం గడిచింది. ఏమీ లేదు. నిమిషంన్నర. "మీటరు పాడైంది రా, ఫోన్ చేసి చెప్పు" అన్నాడు నాన్న. రెండు నిమిషాలు దాటాక ఒక్కసారి మెరిసింది. ఆయన ఏమీ మాట్లాడలేదు గానీ లోపలికి వెళ్తూ అలవాటుగా ఆ బల్బు కూడా ఆపేసి వెళ్లాడు.

నాన్నని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పొదుపు నేర్చుకున్నది 60 వాట్ల బల్బుల కాలంలో. ఆ బల్బు తిన్న కరెంటులో వెలుగుగా మారేది చాలా కొంచెం, మిగతాదంతా వేడే. ఒక్కో గదిలో అలాంటివి రెండు వెలిగితే చిన్న పొయ్యి పెట్టుకున్నట్టే. అప్పట్లో లైటు ఆపడం నిజంగా పొదుపే. బల్బు మారింది, అలవాటు మారలేదు, అంతే. చార్జర్ల సంగతి మరీ విచిత్రం. ఫోను పెట్టని మంచి చార్జరు తాగేది వాటులో ఐదో వంతో అంతకన్నా తక్కువో. నెలంతా ప్లగ్గులో వేలాడదీస్తే యూనిట్‌లో ఏడో వంతు. మా ఏసీ ఆరు నిమిషాల పాటు తిరిగితే అయిపోయేంత. ఆ ఆరు నిమిషాల కోసం మా ఆవిడా నేనూ రెండేళ్లుగా దెబ్బలాడుకుంటున్నాం. అదే సెట్‌టాప్ బాక్సు నెలకి పది, పదకొండు యూనిట్లు ఊరికే మింగేస్తుంటే దాన్నెవరూ ఒక్క మాటన్నది లేదు, పైగా దానికి రోజూ దుమ్ము తుడుస్తాం.

సరే, గుమ్మడికాయ దొరికింది, ఏసీ. అయితే ఏసీ ఆపేయమనడం కూడా నాకు తెలివైన సలహా అనిపించదు. ఎందుకో చెప్తాను. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, గదిలో ఉన్న వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. అదొక కూలీ మనిషి లాంటిది, ఎంత బరువు ఉంటే అంత కూలీ. 1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం మొదటి ఆధునిక ఏసీకి రూపకల్పన చేశాడు. అదీ మనుషుల సుఖం కోసం కాదు, గాలిలో తేమకి కాగితం సాగిపోయి రంగులు చెదిరిపోతున్నాయని. ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అంటుంటామే, ఆ లెక్క ఐసుది. ఒక టన్ను ఐసు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని మోసే మిషన్ ఒక టన్ను ఏసీ. మా పడగ్గదిలో ఉన్నది ఒకటిన్నర టన్నుది. రోజుకి 1,360 కిలోల ఐసు దిమ్మలు తెచ్చి ఆ గదిలో పేర్చినంత పని చేయగలదన్నమాట. పది అడుగులకి పన్నెండు అడుగుల గది అది. అంత చిన్న గదికి అంత ఐసు ఎందుకు కావాల్సి వస్తోందన్నది అసలు అడగాల్సిన ప్రశ్న. నేనది ఇన్నేళ్లూ అడగలేదు. ఏసీ ఏ నంబరు మీద పెట్టాలన్న దాని మీదే కొట్లాటంతా.

జవాబు పడమటి కిటికీలో ఉంది.

నిండు ఎండ నిటారుగా పడితే చదరపు మీటరుకి దాదాపు 1,000 వాట్లు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి నేరుగా పడమటి గాజు మీదికే వస్తాడు. మా కిటికీ గాజు చదరపు మీటరున్నర ఉంటుంది. గాజు కొంత వెనక్కి కొట్టినా, ఎండ కాస్త వాలినా, కిలోవాటుకి దగ్గరగా లోపలికి వచ్చి పడుతుంది. అంటే సాయంత్రం దాకా ఒక రూమ్ హీటరు ఆన్ చేసి ఉంచి, దాని ఎదురుగా ఏసీ వేసుకుని, బిల్లు ఎందుకింత వచ్చిందిరా దేవుడా అని తలపట్టుకోవడం.

కర్టెన్లు ఉన్నాయి కదా అంటారు. మాకూ ఉన్నాయి, మందపాటివి, బాగా ఖర్చు పెట్టి కొన్నవి, వేడిని ఆపుతాయని అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు. ఒకరోజు నాలుగింటప్పుడు ఆ కర్టెనుకీ గాజుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. మూత తీసిన పొయ్యి మీద చెయ్యి పెట్టినట్టుంది. కర్టెన్ వెలుతురుని ఆపింది, నిజమే. కానీ ఎండ అప్పటికే గాజు దాటి ఇంట్లోకి వచ్చేసింది, కర్టెను గుడ్డని కాల్చింది, ఆ వేడి గాలి కర్టెను పైనుంచి నెమ్మదిగా గదిలోకి పొంగుతోంది. దొంగ ఇంట్లోకి వచ్చాక బీరువాకి తాళం వేసినట్టు. నీడ గాజుకి బయట ఉండాలి. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం పడమటి కిటికీకి బయట పందిరి లాంటి నీడ కడితే లోపలికొచ్చే ఎండ వేడి 77 శాతం దాకా తగ్గుతుంది. నేను కట్టింది పందిరి కూడా కాదు, మొక్కలకి కట్టే ఆకుపచ్చ నీడ వల. గోడకి నాలుగు కొక్కేలు కొట్టి, తాడుతో బిగించాను, గాజుకీ వలకీ మధ్య జానెడు ఖాళీ వదిలి. చూడ్డానికి నర్సరీలా ఉంది, మా ఆవిడ వారం రోజులు చుట్టాలెవర్నీ ఇంటికి పిలవలేదు. కానీ నాలుగింటికి గాజు మీద చెయ్యి ఆనిస్తే చెయ్యి ఆగుతోంది. మునుపు ఆగేది కాదు.

గోడలది ఇంకో కథ. రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడకి లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూడండి, వెచ్చగా తగులుతుంది. పగలంతా తాగిన ఎండని ఆ ఇటుక, ఆ సిమెంటు రాత్రి మనకి వడ్డిస్తాయి. పై అంతస్తులో ఉండేవాళ్లకి స్లాబు కూడా ఇదే చేస్తుంది. సొంత ఇల్లయితే డాబా మీద తెల్ల పూత వేయించడం కన్నా చవకైన మందు లేదు. అద్దె ఇల్లయితే ఓనరుని అడగాలి, ఆయన నవ్వి ఊరుకుంటాడు, అది వేరే వ్యాసం.

ఇక్కడే నాన్న గెలిచాడని ఒప్పుకోవాలి. పొద్దున ఎనిమిది కాకుండానే ఆయన కిటికీలన్నీ మూసేస్తాడు. గాలి రావద్దా నాన్నా అని నేను తెరుస్తాను, ఆయన మళ్లీ మూస్తాడు. చివరికి రెండు చిన్న థర్మామీటర్లు తెచ్చి ఒకటి లోపల, ఒకటి బయట నీడలో వేలాడదీశాను. పొద్దున ఆరింటికి లోపలికన్నా బయటే చల్లగా ఉంది. ఎనిమిదిన్నరకి రెండూ సమానమయ్యాయి. పదకొండుకి బయట లోపలికన్నా ఐదు డిగ్రీలు ఎక్కువ. అంటే ఎనిమిదిన్నర తర్వాత కిటికీలోంచి వచ్చేది గాలి పేరుతో వేడి. రాత్రి ఎప్పుడైతే బయటి అంకె లోపలి అంకెకన్నా కిందికి దిగుతుందో అప్పుడు తెరవాలి, అంతకు ముందు తెరిస్తే నష్టం. తెరిచాక టేబుల్ ఫ్యానుని ఒక కిటికీలో బయటికి తిప్పి పెడితే లోపలి వేడి గాలిని అది గెంటేస్తుంది, ఎదుటి కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. ఫ్యాను ముఖం బయటికి తిప్పడం చూసి ఇంట్లో అందరూ నవ్వారు, మర్నాటి నుంచి వాళ్లే తిప్పుతున్నారు.

ఇప్పుడు లోపల మనం పుట్టించే వేడి. దీనికి రెండుసార్లు డబ్బు కడతాం, పుట్టించడానికి ఒకసారి, పారబోయడానికి ఇంకోసారి. మధ్యాహ్నం పన్నెండింటికి మూత పెట్టకుండా గంటసేపు వంట, అదే టైంలో ఇస్త్రీ, పక్కన టీవీ, అన్నీ కలిసి ఇంటిని పొయ్యిలో పెట్టినట్టే. వంట తెల్లవారుజామున, మూతపెట్టి, కుక్కర్లో అయిపోతే గ్యాసు మిగులుతుంది, వంటగది మిగులుతుంది, వండేవాళ్ల ప్రాణం మిగులుతుంది. ఎండాకాలంలో బయటి నుంచి తెప్పించుకునే తిండి ఖర్చు పెరగడానికి బద్ధకమే కారణం అని తిట్టుకుంటాం గానీ, ఆ వంటగదిలో సాయంత్రం ఆరింటికి నిలబడి చూస్తే తెలుస్తుంది ఎందుకు తెప్పించుకుంటామో. ఆ బిల్లు కూడా వేడి ఖాతాలోదే.

మా గీజరు సంగతి చెప్పడానికి సిగ్గేస్తోంది. ఎండాకాలం మధ్యలో ఒకరోజు చూస్తే దాని ఎర్రలైటు వెలుగుతూ ఉంది. పైన ట్యాంకులో నీళ్లు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉన్నాయి, ఆ నీళ్లని ఇంకా కాస్తున్నాం మేము! చలికాలంలో ఎవరో వేశారు, ఎవరూ ఆపలేదు. పదిహేను లీటర్లని 20 డిగ్రీలు వేడెక్కించాలంటే యూనిట్‌లో మూడో వంతు అవుతుంది, అది పోతే పోయింది, ఆ వేడంతా బాత్రూంలోంచి పడగ్గదిలోకే కదా వచ్చేది.

ఫ్రిజ్ కూడా లోపలి వేడిని బయటికి తోసే మిషనే, కాకపోతే ఆ బయట అంటే మన వంటగది. దాని వెనకాల గోడకి అంటుకుపోయి గాలి ఆడకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. తలుపుకి ఉండే రబ్బరు సంగతి చూడాలంటే ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి, ఊరికే వచ్చేస్తే చల్లదనం కూడా అలాగే వచ్చేస్తోందని అర్థం. ఇంకో మాట, వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టకూడదని చల్లారబెట్టి రాత్రంతా మర్చిపోవడం మా ఇంట్లో బాగా జరిగేది. గది 32 డిగ్రీలు దాటి ఉంటే వండినది గంటకన్నా ఎక్కువ బయట ఉంచకూడదు. పాడైపోయిన గిన్నెడు వంట పారబోస్తే ఫ్రిజ్ కరెంటు కన్నా చాలా ఎక్కువ డబ్బే పోతుంది.

ఫ్యాన్ల గురించి ఒకటే చెప్తాను. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది, చెమట ఆరబెట్టి. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను 75 వాట్ల హీటరు, అంతకన్నా ఏమీ కాదు. కాబట్టి ఆపాల్సిన స్విచ్ ఏదైనా ఉంటే ఇదీ, బల్బు కాదు. రోజుకి ఇరవై గంటలు తిరిగే పాత ఫ్యాను నెలకి 45 యూనిట్లు తింటుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్నది, అదే గాలి ఇచ్చి 18 తింటుంది. నాలుగు ఫ్యాన్లున్న ఇంట్లో ఎక్కువగా తిరిగే రెండు మారిస్తే చాలు, అన్నీ మార్చక్కర్లేదు. చాలాచోట్ల కరెంటు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా మెట్లెక్కుతుంది కాబట్టి తగ్గించిన ప్రతి యూనిట్ అన్నిటికన్నా ఖరీదైన పై మెట్టు మీది నుంచే తగ్గుతుంది.

కూలరుని తలుపులన్నీ మూసి వాడేవాళ్లని చూస్తే బాధేస్తుంది. లీటరు నీరు ఆవిరైతే యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడిని పీల్చుకుంటుంది, చాలా పెద్ద విషయం అది, అందులో మంత్రం ఏమీ లేదు. కానీ ఆ ఆవిరి బయటికి పోవడానికి ఒక కిటికీ తీసి ఉండాలి. లేకపోతే గంటలో గది ఉక్కబోత గుహ అయిపోతుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉన్న చోట కూలరు దండగ, దాని బదులు ఫ్యానే నయం.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం నాకు నేనే లేవనెత్తుకోవాలి. పొదుపైన మిషన్ కొంటే ఖర్చు తగ్గుతుందా? మాకు తగ్గలేదు. పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునేది, కొన్న మొదటి వేసవిలో బిల్లు పెరిగింది. మిషన్ చెడ్డది కాదు. ఇది తక్కువ తాగుతుందిలే అన్న ధైర్యంతో రాత్రి పదికి వేసేది సాయంత్రం ఐదుకే వేయడం మొదలుపెట్టాం, మధ్యాహ్నం కునుకుకి కూడా. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఈ మాట చెప్పాడు, ఇంజన్లు బొగ్గుని పొదుపుగా వాడేకొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం పెరుగుతుందని. మా పడగ్గది ఆయన సిద్ధాంతానికి నిలువెత్తు సాక్ష్యం. అందుకే కొత్త వస్తువు కొనడం నా లిస్టులో చివరన ఉంటుంది, నీడ వల మొదట. నీడకి ఆ జబ్బు లేదు, నీడ పెరిగిందని ఎవరూ ఎక్కువ ఎండ తెచ్చుకోరు.

ఏసీ నంబరు విషయానికొస్తే, 16 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది మామూలు ఏసీల విషయంలో ఉత్త భ్రమ. కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది, 16 అంటే ఎప్పుడు ఆగాలో చెప్పడం మాత్రమే. మేము 26 మీద పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేస్తున్నాం. జపాన్ ప్రభుత్వం 2005లో ఆఫీసుల్లో ఏసీని 28 డిగ్రీల దగ్గర ఉంచమని, బదులుగా కోటూ టై తీసేయమని చెప్పింది. నాకు నచ్చింది ఆ రెండో సగం. ఒంటి మీద మందపాటి బట్టలేసుకుని గదిని చల్లబరచడం కన్నా ఆ బట్టలు మార్చుకోవడం సులువు కదా. రాత్రి ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకునేవాళ్ల గురించి నేనేం మాట్లాడను, నేనూ వాళ్లలో ఒకణ్ణే.

ఒక్కచోట మాత్రం పొదుపు మాట ఎత్తకూడదు. పెద్దవాళ్లు, పసిపిల్లలు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్న గదిలో. 2003 ఆగస్టులో ఒక్క ఫ్రాన్స్‌లోనే వడగాల్పులకి సుమారు 15,000 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నాన్నకి ఈ మాట చెప్పడం చాలా కష్టం. మధ్యాహ్నం ఆయన గదిలో ఏసీ వేసి వస్తే, పది నిమిషాలకి టక్కుమని స్విచ్ చప్పుడు వినిపిస్తుంది. "నాకేం ఉక్కగా లేదు రా" అంటాడు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. ఇప్పుడు రిమోట్ నా జేబులో పెట్టుకుని, స్విచ్ మీద టేపు అంటించాను. బల్బులు మాత్రం ఆయన ఇష్టం, ఎన్ని కావాలంటే అన్ని ఆపుకోమన్నాను.

ఇది రాస్తుంటే రాత్రి పదకొండు దాటింది. ఇందాక లేచి చూస్తే లోపల 32, బయట ఇంకా 33. ఇంకో అరగంట ఆగాలి.